తగ్గని బన్ను

"అబద్ధం చెప్పకండి. రాత్రి ఏం తిన్నారు?" అంది డైటీషియన్.

బన్నుకి ఒళ్ళు మండింది. మండేంత ఓపిక లేదు గానీ, అయినా మండింది. తెల్లవారకముందే లేచి, బేకరీలో పిండి కలిపి, ఓవెన్ ముందు నిలబడి, ఆపైన పార్కు చుట్టూ పరుగెత్తి, ఇక్కడికొచ్చి తూకం మిషన్ ఎక్కితే ముల్లు పోయినసారి ఉన్నచోటే ఉంది. తన బరువు మీద దానికంత మమకారం ఎందుకో!

"దోసకాయ ముక్కలు తిన్నానండీ."

"బేకరీలో పనిచేస్తూనా?"

"బ్యాంకులో పనిచేసేవాళ్ళు నోట్లు తింటారా?"

ఆమె పెన్ను బల్ల మీద పడేసింది. కళ్ళకింద నలుపు. ఏమీ తినలేదని ఒట్టేసేవాళ్ళను పొద్దుట్నుంచి చూసి చూసి, ఎవరినీ నమ్మే ఓపిక లేకుండా పోయిన మనిషి. కళ్ళు మాత్రం బాగుంటాయి. ఆ సంగతి బన్ను మొదటిరోజే గమనించాడు, గమనించినందుకు తనను తానే తిట్టుకున్నాడు. తను వచ్చిన పని అది కాదు.

వచ్చింది అక్క కోసం. అమ్మ పోయాక అతన్ని పెంచిన అక్కకి రెండు కిడ్నీలూ చెడిపోయాయి. రోజు విడిచి రోజు డయాలిసిస్. బన్ను కిడ్నీ సరిపోతుంది కానీ, ఇంత బరువుతో ఆపరేషన్ చెయ్యం, తగ్గి రమ్మన్నారు డాక్టర్లు. మొదట్లో చకచకా తగ్గాడు. తర్వాత ఆగిపోయింది. తిండి సగం చేశాడు, ఆ సగాన్నీ సగం చేశాడు, పరుగు పెంచాడు. లాభం లేదు. అక్క వాడిపోతోంది. ఆమెకీ తనకీ మధ్య ఈ పొట్టే అడ్డం పడిందనిపించి బన్నుకి ఏడుపొచ్చేది.

"సరే, మీ ఇష్టం. ఇక నేను చెప్పను," అంది ఆమె.

"నమ్మనివాళ్ళకి నేనూ చెప్పను."

తలుపు పక్కన చక్రాల కుర్చీలో కునుకు తీస్తున్న అక్క కళ్ళు తెరిచింది. "అబ్బ, ఇద్దరిలో ఎవరో ఒకరు తగ్గండమ్మా!"

"తగ్గమనేగా ఈయనకి ఇన్నాళ్ళుగా మొత్తుకుంటున్నాను!" అనేసి, తన మాటకి తనకే నవ్వొచ్చి తల దించుకుంది డైటీషియన్. బన్ను నవ్వలేదు.

మర్నాడు సాయంత్రం వానలో ఆమె బేకరీ మెట్లెక్కింది. బ్రెడ్డు కోసమనుకున్నాడు. దొంగను పట్టుకోవడానికే వచ్చానని తర్వాతెప్పుడో తనే ఒప్పుకుంది.

బన్ను కేకు మీద క్రీముతో గులాబీలు వేస్తున్నాడు. వేలికి అంటిన క్రీముని గుడ్డకి తుడిచేశాడు. ఓవెన్ పక్కనే నిలబడి కూడా స్వెటర్ వేసుకుని ఉన్నాడు. ఆమె ఆ స్వెటర్ వైపే చూసింది.

"చలేస్తోందా?"

"ఈమధ్య ఎప్పుడూ వేస్తోందండీ. నిద్రా పట్టట్లేదు. బ్రెడ్డు ఏది కావాలి?"

"పొద్దుట్నుంచి ఏం తిన్నారు?"

"మళ్ళీనా!"

"ఈసారి నమ్ముతాను. చెప్పండి."

చెప్పాడు. చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. వింటూ వింటూ ఆమె గొడుగు మడవడం మర్చిపోయింది.

"తప్పు నాదే. దొంగచాటుగా తింటున్నారనుకున్నాను. మీరసలు తినడమే లేదు. తిండి రాకపోతే ఒళ్ళు తన పొయ్యిని సిమ్‌లో పెట్టేసుకుంటుంది. మీరెంత పరుగెత్తినా పిసినారిలా ఖర్చు పెడుతుంది. కండ కరిగితే ఆ మంట ఇంకా తగ్గుతుంది."

"మరి నేనేం చెయ్యాలి?"

"కడుపుకి సరిపడా తినాలి. గుడ్లు, చిక్కుళ్ళు. పరుగు తగ్గించి బరువులెత్తాలి. హాయిగా నిద్రపోవాలి."

"తగ్గడానికి తినాలా? అక్క వింటే మీకు పిచ్చంటుంది."

"అననివ్వండి." ఆమె సంచిలోంచి డబ్బా తీసి ఉడికించిన గుడ్లు ముందుపెట్టింది. అది ఆమె మధ్యాహ్నం భోజనం.

"మీరెందుకు తినలేదు?"

"ఆకలి లేదు."

"అబద్ధం చెప్పకండి," అన్నాడు బన్ను. ఆమె ఈసారి నవ్వు ఆపుకోలేదు. ఇద్దరూ సగం సగం తిన్నారు.

ముల్లు వెంటనే ఏమీ పరుగెత్తలేదు. చాలారోజులు మొండికేసి, తర్వాత ఇష్టం లేనట్టుగా కదిలింది. బన్ను పిండిబస్తాలు ఎత్తాడు, వేళకి తిన్నాడు, స్వెటర్ విప్పేశాడు. ఇంట్లో ఎవరూ తినని బ్రెడ్డు కొనడానికి ఆమె సాయంత్రాలు వస్తూనే ఉంది. ఆఖరికి డాక్టర్లు సరేనన్నారు.

ఆరోజు ఆస్పత్రి వరండాలో బన్ను దిగాలుగా నిలబడ్డాడు.

"ఇక మీ గదికి రావలసిన పని లేదు నాకు."

"సంతోషమేగా?"

"అక్క విషయంలో సంతోషమే." పక్కన కుర్చీలో అక్క కునుకులో ఉందో లేదో చూసుకున్నాడు. "మీరంటే నాకు చాలా ఇష్టమండీ. చెప్పకూడదనుకున్నాను. ఇంకొన్నాళ్ళకి నేను ఒక్క కిడ్నీ మనిషిని. మీ ఇంట్లోవాళ్ళు ఒప్పుకుంటారా?"

ఆమె అలసటగా గోడకి ఆనుకుంది. "రెండూ భద్రంగా దాచుకున్నవాళ్ళ సంబంధాలు చాలా వచ్చాయి. ఒక్కడూ నచ్చలేదు."

బన్నుకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"పెళ్ళిచూపులు అయ్యాయా?" చక్రాల కుర్చీలోంచి అడిగింది అక్క. "అయితే నన్ను ఇంటికి తీసుకెళ్ళండి, ఇద్దరూనూ. నడుం పీకేస్తోంది."

ఆమె వెళ్ళి కుర్చీ వెనక పట్టుకుంది. బన్ను ఆమె చేతి పక్కన తన చెయ్యీ వేశాడు.