ఇరవై మూడో రోజు ప్రార్థన

"ఇది దేశం కోసం ప్రార్థన పుస్తకమండీ, పెళ్ళి శుభలేఖ కాదు," అంది టీచరమ్మ, ప్రూఫు కాగితాన్ని బల్ల మీద పెడుతూ.

కాగితానికి నాలుగు పక్కలా గులాబీ తీగలు అల్లుకుని ఉన్నాయి. మధ్యలో 'మొదటి రోజు: పాలకుల కోసం' అని ఉంది.

ప్రెస్సబ్బాయి కంప్యూటర్ మీంచి కళ్ళు తిప్పలేదు. "అంచులు బోసిగా ఉంటే బాగోదని వేశానండీ."

"లోపల ఏముందో చదివి వేస్తే ఇంకా బాగుండేది."

"మేం చదవమండీ, కొడతాం. అర్థం మీద మనసు పెడితే అక్షరాలు తప్పుతాయి. డాక్టరు సర్టిఫికెట్టయినా, ప్రార్థనయినా నా వేళ్ళకి ఒకటే."

టీచరమ్మ నిర్ఘాంతపోయింది. ఒక మనిషి మోకాళ్ళ మీద కూర్చుని రాసిన ప్రార్థనని ఇంకో మనిషి చదవకుండా కొట్టడమేమిటి? ఏదో గట్టిగా అనాలనుకుంది. ఈలోగా అతను గులాబీలన్నీ తీసేసి, చుట్టూ సన్నటి గీత ఒకటి లాగి, "ఇప్పుడు పాలకులు సంతోషిస్తారా?" అని అడిగాడు. నవ్వు ఆపుకోవడానికి ఆమె గొడుగు సర్దుకున్నట్టు నటించింది. అతని గోళ్ళ చివర నల్లటి ఇంకు ఉండటం అప్పుడే చూసింది. చూడకుండా ఉంటే ఈ కథ ఇంతటితో అయిపోయేది.

ఆమె తండ్రి పాస్టరు. సంఘంలో అందరూ అయ్యగారంటారు. దేశం బాగుపడటానికి ఉపన్యాసాలు చాలవని, మోకాళ్ళు వంగాలని, ఇంటింటికీ సువార్త వెళ్ళాలని ఆయన ఇరవయ్యేళ్ళుగా చెబుతున్నారు. ఈ ఏడాది పదకొండు సంఘాల్ని ఒప్పించారు. నలభై రోజుల పాటు పొద్దున్నే ఆరింటికి అన్ని మందిరాల్లోనూ ఒకే పేజీ, ఒకే గొంతుతో చదవాలి. సాయంత్రాలు ఇద్దరిద్దరుగా వీధుల్లోకి వెళ్ళి జనంతో మాట్లాడాలి. ఆ నలభై ప్రార్థనలు రాసే పని కూతురి మీద పడింది. బళ్ళో పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ, మధ్యమధ్య దేశాన్ని గురించి రాస్తూ ఆమె నెల్లాళ్ళు సరిగ్గా నిద్రపోలేదు.

అయ్యగారికి ఇంకో పట్టింపు ఉంది. బైబిల్లో దేవుడు ఏ రోజుకారోజు కురిపించిన ఆహారం మన్నా; రేపటి మన్నా ఇవాళ ఏరుకోకూడదట. అందుకని ప్రతి రోజు పేజీనీ మడిచి, అంచున గమ్ము చుక్క పెట్టి అంటించాలి. ఎవరూ ముందుగా చూడకూడదు. రాసిన కూతురైనా సరే.

"రెండు వేల పుస్తకాలు, నలభై మడతలు. ఎనభై వేల గమ్ము చుక్కలండీ," అన్నాడు ప్రెస్సబ్బాయి, ఆమె రెండో విడత కాగితాలు తెచ్చిన రోజు. "మీ నాన్నగారు నా కోసం కూడా ప్రార్థన చేస్తారా?"

"దేశం కోసం చేస్తున్నాంగా, అందులో మీరూ ఉన్నారు."

"దేశమంటే ఎవరండీ అసలు? అంతమందిని ఒకేసారి తల్చుకుంటే దేవుడికి ఎవరి మొహం కనబడుతుంది?"

"మీరొకసారి మందిరానికి వచ్చి అడగండి," అంది టీచరమ్మ.

అతను మొదటిసారి కీబోర్డు మీంచి చేతులు తీశాడు. "అమ్మ చెయ్యి పట్టుకుని వచ్చేవాణ్ణండీ. అమ్మ పోయాక ఆ మెట్లు ఎక్కబుద్ధి కాలేదు. ఆరేళ్ళయింది." అని మళ్ళీ కొట్టడం మొదలుపెట్టాడు.

బయట వాన పట్టుకుంది. గొడుగుండి కూడా ఆమె అరగంట సేపు ఆగింది. వాన గట్టిగా ఉందని తనకి తనే చెప్పుకుంది. నిజానికి అది తుంపర.

ఆ రాత్రి కాదు, మర్నాడు మధ్యాహ్నం బళ్ళో స్టాఫ్ రూములో కూర్చుని ఇరవై మూడో రోజుది మొదలుపెట్టింది. 'శ్రామికుల కోసం' అని శీర్షిక పెట్టి, కింద బైబిలు వాక్యం రిఫరెన్సు రాసింది. తర్వాత కలం దానంతటదే సాగిపోయింది. పూర్తయ్యాక చదువుకుంది. ఇదేమిటి, నేనేనా రాసింది అనుకుంది. వెంటనే ఇంకో కాగితం తీసి, శ్రామికుల గురించి రాయవలసినదంతా కొట్టివేతలతో, దిద్దుబాట్లతో ఎలాగో రాసి ముగించింది.

మొదటి కాగితాన్ని చింపెయ్యాలి. చెయ్యి రాలేదు. ఎంత సిగ్గుమాలినదైనా అది ప్రార్థన. ప్రార్థన రాసిన కాగితాన్ని చింపడం ఆ ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు. కాగితాలు పెట్టుకునే అట్ట కింద దాచింది. పరీక్షల హడావిడిలో ఆ అట్టనే కాగితాల కట్టతో సహా చెల్లెలితో ప్రెస్సుకి పంపేసింది. ప్రూఫులు అయ్యగారు చూశారు. ఆయన చూసింది వాక్యం రిఫరెన్సులు మాత్రమే. అవి సరిగ్గానే ఉన్నాయి.

ఇంతలో సంఘపెద్ద ఓ సంబంధం తెచ్చాడు. ఆయన మేనల్లుడే. సువార్త పనిలో ఉన్న బుద్ధిమంతుడు. ఆదివారం చూడటానికి వస్తామన్నారు. అయ్యగారు సంబరంగా ఒప్పుకున్నారు. తండ్రి మాటకి ఎదురు చెప్పడం టీచరమ్మకి ఎన్నడూ చేతకాలేదు, ఆ రోజూ చేతకాలేదు. ఆదివారమంటే ఇరవై ఆరో రోజు.

ఇరవై మూడో రోజు పొద్దున ఆరింటికి మందిరం నిండుగా ఉంది. చదివించే వంతు ఆమెది. మైకు ముందు నిలబడి, గోటితో గమ్ము అంచు విప్పింది. మూడు వందల మడతలు ఒకేసారి విడిన చప్పుడు.

"ఇరవై మూడో రోజు. శ్రామికుల కోసం," అని మొదలుపెట్టింది. "ప్రభువా, ఈ దేశంలో కష్టపడే చేతులన్నిటినీ దీవించమని రాయడానికి కూర్చున్నాను. నాకు ఒక్క జత చేతులే కనిపిస్తున్నాయి..."

అక్కడ ఆమె గొంతు ఆగిపోయింది.

కాని అందరి చేతుల్లోనూ పుస్తకాలున్నాయి. ఇరవై రెండు రోజుల అలవాటు. ఆమె ఆగినా వాళ్ళు ఆగలేదు.

"...గోళ్ళలో ఇంకు ఉన్న చేతులు," అని మూడు వందల గొంతులు చదివాయి. "దేశమంతా నీ వైపు తిరగాలని అందరితోనూ అంటున్నాను. అతనొక్కడు తిరిగితే నాకు చాలనిపిస్తోంది. ఇది స్వార్థం, నాకు తెలుసు."

ఈ పాటికి కొన్ని గొంతులు తడబడ్డాయి. కొందరు పుస్తకం దగ్గరగా పెట్టుకుని చూశారు. అయ్యగారు కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు. అప్పటికీ పేజీలో అదే ఉంది.

చివరి వరకూ ఆగనిది టీచరమ్మ మేనత్త ఒక్కతే. ఆవిడకి చెవులు బొత్తిగా వినబడవు. అందరూ ఆపేశారని తెలియక, మందిరం మార్మోగేలా ఒక్కతే చదువుకుపోయింది.

"అతన్ని మళ్ళీ నీ మందిరం మెట్లెక్కించు. ఆ తర్వాత నన్ను మర్చిపోయేలా చెయ్యి. నాన్న చూసే సంబంధానికి నేను తలూపుతాను. నాన్న ఆశ అంతా దేశం మీదే ఉంది, నా వల్ల అది చెడకూడదు. వీలైతే నాకా అవసరం రానివ్వకు. ఆమేన్."

ఆవిడ పుస్తకం మూసి చుట్టూ చూసింది. ఎవరూ ఆమేన్ అనలేదేమని ఆశ్చర్యపోయింది.

సంఘపెద్ద మొహం కందగడ్డలా ఉంది. లేచి నిలబడ్డాడు. "అయ్యగారూ, రెండు వేల పుస్తకాలు. పదకొండు మందిరాలు. ఈ నిమిషానికి అందరూ ఇదే చదివుంటారు. ఇవాళే అన్నీ వెనక్కి తెప్పించాలి."

టీచరమ్మ తండ్రి వైపు చూడలేకపోయింది. ఇరవయ్యేళ్ళ ఆయన కష్టం తన ఒక్క కాగితంతో నవ్వులపాలైందని, ఈ నలభై రోజులు ఇక్కడితో సరి అని ఆమెకి ఖాయమైపోయింది.

అప్పుడు ఎడమ పక్క వరసలోంచి సంఘపెద్ద తమ్ముడు లేచాడు. అతనెప్పుడూ ఆ పక్కే కూర్చుంటాడు, అన్న ఈ పక్క.

"అయ్యగారూ, ఆ అమ్మాయి నిజం రాసింది. నేను ఇరవై రెండు రోజులుగా దేశంలో ఐక్యత రావాలని నోరారా చదువుతున్నాను. మా అన్నయ్యతో మాట్లాడి ఎనిమిదేళ్ళయింది."

అందరి తలలూ సంఘపెద్ద వైపు తిరిగాయి. ఆయన నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఉన్నాడు. మొహంలో కోపం ఎటో పోయింది.

"తొమ్మిదేళ్ళు," అన్నాడు మెల్లగా.

తర్వాత ఏం జరిగిందో చూడటానికి టీచరమ్మ అక్కడ లేదు. పక్క తలుపులోంచి వానలోకి వచ్చేసింది. గొడుగు గుర్తురాలేదు.

ప్రెస్సు షట్టరు సగమే ఎత్తి ఉంది. లోపల మెషీను చప్పుడు లేదు. ప్రెస్సబ్బాయి కాగితం రీముల మీద కూర్చుని, తెరిచిన పుస్తకం వైపు చూస్తున్నాడు. ఆమెకన్నా అతనే ఎక్కువ బిత్తరపోయి ఉన్నాడు.

"ఇదెందుకు అచ్చేశారు?" అంది ఆమె రొప్పుతూ.

"ఇరవై మూడో రోజువి రెండు కాగితాలొచ్చాయండీ. ఒకదాని నిండా కొట్టివేతలు. ఇంకోదాంట్లో ఒక్కటి కూడా లేదు. కొట్టివేతల్లేనిదే ఫెయిర్ కాపీ, మా లైన్లో అంతే." అతను తల పైకెత్తాడు. "నా గోళ్ళ గురించి నేనే రెండు వేల కాపీలు అచ్చేశానండీ."

ఆమె గోడకి ఆనుకుంది. "చదవనన్నారుగా?"

"కొట్టినప్పుడు చదవలేదు. పొద్దున చదివాను, ఆరింటికి. రోజూ చదువుతున్నాను. ఎనభై వేల చుక్కలు పెట్టాక లోపలేముందో చూడకపోతే ఎలా అని మొదటి రోజు విప్పాను. రెండో రోజు మానలేకపోయాను. మీ సంఘంవాళ్ళు చదివే టైముకే నేనూ ఇక్కడ ఒక్కణ్ణే చదువుకుంటున్నాను. అమ్మ పోయాక దేవుడితో మాట్లాడటం ఇదే మొదలు. పదో రోజున ఏడ్చానండీ, మీకు చెబితే నవ్వుతారని చెప్పలేదు."

ఆమె నవ్వలేదు. తను వీధి వీధీ తిరిగి, తలుపు తలుపూ తట్టి చెప్పిన మాట ఈ సగం షట్టరు కింద నుంచి దూరిందని ఆమెకి తెలియనే తెలియదు. ఇరవై మూడు రోజులుగా తను అడుగుతున్నది అప్పటికే జరుగుతోంది. ఆమె కూడా ఓ రీము మీద కూర్చుంది.

"ఆదివారం నన్ను చూడటానికి వస్తున్నారు," అంది చివరికి.

"తలూపుతారని చదివాను," అన్నాడతను. "నాకైతే ఈ గదిలోకి మీరు వచ్చిన రోజు నుంచీ ఇష్టమండీ. గులాబీలు ఊరికే వెయ్యలేదు. కాని పాస్టరుగారి అమ్మాయి, నేనేమో ఆరేళ్ళుగా మందిరం మొహం చూడనివాణ్ణి. ఏ మొహం పెట్టుకుని అడుగుతాను?"

"నన్నడిగితే సరిపోయేదిగా."

"అడుగుతున్నాను."

"ఇప్పుడా? రెండు వేలమందికి జవాబు తెలిశాకా?"

ఆ మాటకి ఇద్దరూ నవ్వబోయారు. షట్టరు కింద వానలో తడిసిన రెండు బూట్లు కనబడి నవ్వు నోట్లోనే ఉండిపోయింది. అయ్యగారు వంగి లోపలికి వచ్చారు. చేతిలో కూతురు మరిచిపోయిన గొడుగు ఉంది, దాన్ని తెరవడం ఆయనకీ తోచలేదు.

ప్రెస్సబ్బాయి దిగ్గున లేచాడు. "తప్పు నాదేనండీ. పుస్తకాలన్నీ నేనే తిరిగి తెస్తాను."

"ఎవరిస్తారు బాబూ?" అన్నారు అయ్యగారు. "నువ్వొచ్చేశాక ఏమైందో తెలుసా అమ్మా? అన్నదమ్ములిద్దరూ ఒకరి భుజం మీద ఒకరు పడి ఏడ్చారు. ఒకరి తర్వాత ఒకరు లేచి దాచుకున్నవన్నీ చెప్పుకున్నారు. ఇంకా అవుతూనే ఉంది. నాలుగు సంఘాల నుంచి ఫోన్లొచ్చాయి. తిడతారనుకుని ఎత్తాను. అక్కడా ఇదే వరస. ఇరవయ్యేళ్ళుగా నేను అడుగుతున్నది ఇదే. ఇలా వస్తుందని ఏనాడూ అనుకోలేదు."

ఆయన కూతురి పక్కన కూర్చున్నారు.

"దేశం దేశం అంటూ తిరిగాను. ఇంట్లో పిల్ల మనసులో ఏముందో రెండు వేల మందితో పాటు నాకూ ఇవాళే తెలిసింది. నాకు సిగ్గుగా ఉందమ్మా."

టీచరమ్మ తండ్రి చెయ్యి పట్టుకుంది. ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు.

అయ్యగారు ప్రెస్సబ్బాయి వైపు తిరిగారు. "మా అమ్మాయి కోసం మందిరానికి వచ్చేవాడు నాకొద్దు. దేవుడి కోసం వచ్చేవాడు కావాలి. నువ్వు ఎవరి కోసం వస్తావు?"

"రెండూ విడదీసి చెప్పలేనండీ. నిజం చెప్పమంటే అదే నిజం. మొదట వచ్చింది మాత్రం ఆ పుస్తకమే."

అయ్యగారు చాలాసేపు అతని కళ్ళలోకి చూశారు. "పొద్దుట్నుంచీ అందరూ నిజాలే చెబుతున్నారు," అన్నారు. "ఇంకో వెయ్యి పుస్తకాలు కావాలంటున్నారు. ఎప్పటికిస్తావు?"

"ఎల్లుండి సాయంత్రానికి ఇస్తానండీ. ఇరవై మూడో రోజుకి ఏ కాగితం వెయ్యమంటారు?"

"రాసినదాన్ని అడుగు."

టీచరమ్మ కళ్ళు తుడుచుకుని కంప్యూటర్ దగ్గరికి వచ్చింది. అతను పేజీ తెరిచాడు. తన మాటలు తెర మీద అంత పెద్దగా చూస్తే ఆమెకి ఇంకా చెంపలు వేడెక్కుతూనే ఉన్నాయి.

"ఇదే ఉంచండి," అంది. "'నన్ను మర్చిపోయేలా చెయ్యి' అన్నదొకటి తీసెయ్యండి."

ఆ వాక్యం పోయింది. అతను అయ్యగారి వైపు చూడలేదు, ఆమె కూడా చూడలేదు. వెనక నుంచి అయ్యగారు కళ్ళజోడు సర్దుకుంటూ వచ్చి, ఇద్దరి మధ్య నుంచి తెర మీదికి వంగారు.

"దాని కిందది, నేను చూసే సంబంధానికి తలూపుతానన్నది," అన్నారు, "అదీ తీసెయ్యి బాబూ."