పాత కంప్యూటరులో మా మరదలు

ఆ కంప్యూటరులో సిస్టమ్ ఎందుకు మార్చాడంటావా... భయపడి మార్చాడు నాయనా, మరెందుకు. పైకి మాత్రం పిల్ల కోసమన్నాడు.

మా తమ్ముడు టైలరు. డాక్టర్ల కోట్ల మీద, యూనిఫారం జేబుల మీద పేర్లూ బొమ్మలూ కుట్టే మిషను వాడిది. దానికి ఓ పాత కంప్యూటరు. అందులో గీస్తే ఇక్కడ సూది కుట్టేస్తుంది. ఆ గీసినవన్నీ మా మరదలివే. వాడికి అక్షరం ముక్క రాదు. ఆవిడ పోయి అప్పటికి పది నెలలు.

దీపాలు పెట్టేవేళకి ఆ కంప్యూటరు దానంతటదే వెలిగేది. మిషను టకటకమని నాలుగు కుట్లు వేసి ఆగేది. ఆవిడ తలకి రాసుకునే నూనె వాసన గుప్పుమనేది. చెవి పక్కనే... "దారం తెగింది. చూసుకో."

చూస్తే నిజంగానే తెగి ఉండేది.

అంతకు మించి ఒక్క మాట అనలేదు, పాపం. అయినా వాడికి గుండెల్లో దడ. నాతో చెప్పుకుంటే, ఆ కంప్యూటరులోవన్నీ తీసేయించరా అన్నాను. ఆ పాపంలో నాకూ వాటా ఉంది.

కూతురికి ఇవేవీ తెలియవు. "నాన్నా, కొత్త సిస్టమ్ వేయకపోతే ఇక రక్షణ లేదని ఈ కంప్యూటరు రోజూ చెబుతోంది. వేసేద్దామా?"

"మిషను దాని మాట వింటుందా? వినకపోతే మన నోట్లో మట్టే."

"వినకపోతే నీలాగే నాలుగు తిట్టి దారికి తెస్తాలే."

వారం నాన్చాడు. ఎనిమిదోనాడు సాయంత్రం సరేనన్నాడు.

పిల్ల మొదలుపెట్టింది. మధ్యలో తల తిప్పింది. "ఉన్నవి ఉంచాలా, అన్నీ తీసేయాలా అని అడుగుతోంది. తీసేస్తే అమ్మ గీసినవన్నీ పోతాయి."

అప్పుడే వాసన... వాడి మెడ మీద చల్లగా ఊపిరి, చెవిలో ఆవిడ గొంతు.

"ఉంచు."

"తీసేయ్," అన్నాడు వాడు.

"మరి అమ్మవి?"

"పెన్‌డ్రైవులోకి ఎక్కించా."

"నువ్వా! మౌసు పట్టుకోమంటే పాముని పట్టుకోమన్నట్టు చూస్తావు!"

"కంప్యూటరు షాపతను ఎక్కించాడే తల్లీ. నొక్కు."

పచ్చి అబద్ధం. పిల్ల నమ్మింది. నొక్కింది.

తెర నల్లబడింది. తెల్లచుక్కలు గుండ్రంగా తిరుగుతున్నాయి. "ఇది ఇప్పట్లో తేలదు" అని పిల్ల పక్కగదిలోకి పోయి పడుకుంది. వాడు కుర్చీలోనే. నూనె వాసన పలచబడింది... పలచబడి, పోయింది. హమ్మయ్య అనుకున్నాడట. ఆ హమ్మయ్యే వాణ్ణి ఇప్పటికీ తినేస్తోంది.

మిషను తీగ పీకేసి ఉంది. అయినా సూది దిగింది. ఒక్కసారి.

గుడ్డ లేదు. దారం లేదు.

మళ్లీ దిగింది...

గుమ్మం దగ్గర్నుంచి ఎవరో అడిగారు. మెల్లగా, మర్యాదగా. ఆవిడ గొంతు కాదు. వాడెప్పుడూ వినని గొంతు.

"ఆవిడ వెళ్లిపోయినట్టేనా?"

వాడు తల ఊపాడు. అంతే... తల ఊపాడు.

కళ్లు ఎప్పుడు మూతపడ్డాయో తెలీదు. లేచేసరికి తెర కొత్తగా మెరిసిపోతోంది. మిషను దాని మాట చక్కగా వింటోంది కూడా. పిల్ల గదికి లోపల గడియ. కిటికీకి ఊచలు. నన్ను పిలిచాడు, ఇద్దరం తలుపు పగలగొట్టాం. దుప్పటి ఇంకా వెచ్చగానే ఉంది.

పిల్ల లేదు.