పగ్గం పట్టిన చెయ్యి

ఆ ఉదయం ఆకాశం చేప పొట్టలా తెల్లగా ఉంది. గాలి లేదు. ఒక్క కాకి అరవలేదు. తుఫాను ఇంకా రెండు వందల కిలోమీటర్ల దూరాన ఉంది.

అది 2094. తీరానికి తుఫానులు తమ ఇష్టప్రకారం రావడం మానేసి పదకొండేళ్లయింది. తుఫాను వస్తోందంటే జనం ముందు అడిగేది, ఈ పూట పగ్గం ఎవరి చేతిలో ఉందని.

తుఫాను పగ్గమంటే సముద్రంలో నాలుగు వందల తెప్పలు. ఒక్కో తెప్ప కింద అర కిలోమీటరు గొట్టం, ఒక పంపు. తుఫానుకు మేత వేడినీరు. అడుగునున్న చన్నీటిని పైకి తోడితే ఆ వైపు మేత తగ్గి, తుఫాను రెండో వైపుకు ఒరుగుతుంది. ఆపడం కుదరదు, మళ్లించడమే. ఒకసారి మళ్లాక వెనక్కి తిప్పలేరు.

ఎటు మళ్లించాలో ప్రతిసారీ కంప్యూటరే చెప్పేది. ఆ రోజు మాత్రం చెప్పలేదు.

"నదికి ఎడమ ఒడ్డున మొగపాలెం, కుడి ఒడ్డున దిబ్బలంక. ఎటు మళ్లించినా నష్టం సమానం. ముందుగా ఖాళీ చేయిస్తే ప్రాణనష్టం ఉండదు. నిర్ణయం మీది. ఇరవై నిమిషాల్లో చెప్పాలి," అంది.

పగ్గం కేంద్రంలో సముద్ర శాస్త్రవేత్త దమయంతి తాగిన టీ గ్లాసు బల్లమీద పెట్టి, పెద్ద అధికారి జెకర్యా వైపు చూసింది.

"చెప్పండి సార్."

"నాది మొగపాలెం. అక్కడి మందిరంలో సంఘ పెద్దని. నేనెట్టా చెప్పేది?"

"అయితే నన్ను చెప్పమంటారా? నేను చెప్పను బాబూ."

జెకర్యా గడియారం చూశాడు. "తేలని సంగతికి మా సంఘంలో చీట్లు వేస్తాం. ప్రార్థన చేసి తీస్తాం. ఏది వస్తే అది దేవుని చిత్తం."

"నాలుగు వందల పంపులు పెట్టుకుని చీటీలా?" దమయంతి నవ్వబోయి, అతని ముఖం చూసి, కాగితం చింపి ఇచ్చింది.

అతను పక్కకు తిరిగి రెండు చీట్లు రాశాడు. మడిచి ఖాళీ గ్లాసులో వేశాడు. మోకరించాడు. "ప్రభువా, దీన్ని నా చేతిలోంచి తీసేసుకో," అన్నాడు. నిజంగానే ఏడ్చాడు. తీసిన చీటీలో మొగపాలెం ఉంది. లేచి, తుఫాను అటే మళ్లేలా పంపులు ఆన్ చేశాడు.

దమయంతి రెండో చీటీ విప్పింది.

"ఇందులోనూ మొగపాలెమే ఉంది."

అతను పంపుల తెర వైపు తిరిగాడు.

"ఏంటి సార్ ఇది?"

"దిబ్బలంక వచ్చిందనుకో. జెకర్యా దేవుడి పేరు చెప్పి తన ఊరు కాచుకున్నాడంటారు."

"అందుకని దేవుడికి చోటే లేకుండా చేశారా?"

"పోయేవి ఇళ్లేగా," అన్నాడతను. "మనుషుల్ని దాటిస్తాం."

సైరన్లు మోగాయి. అతను అక్కకు ఫోన్ చేశాడు.

"అక్కా, మన మీదికే వస్తోంది. బావని తీసుకుని బస్సెక్కు. అందరికీ చెప్పు."

సలోమి నవ్వింది. "అట్టాగే అనాలి గదరా నువ్వు, పక్కన ఆఫీసోళ్లుంటారు. మాకు తెలుసులే. పగ్గం నీ చేతిలో ఉండగా మన మీదికి రానిస్తావా?"

రెండు చీట్లూ నేనే రాశానక్కా అన్న మాట గొంతుదాకా వచ్చింది. ఆ మాట చెబితే ఆమె నమ్మేది, పరుగెత్తేది కూడా. కానీ చెబితే రేపు సంఘమంతటికీ తెలుస్తుంది.

"చీటీ అట్టా వచ్చింది. దేవుని చిత్తం. వెళ్లండక్కా."

"ఆయన చిత్తం మనకెప్పుడూ మంచిదేలేరా," అని ఆమె పెట్టేసింది.

దిబ్బలంకకు ప్రమాదం లేదని ఎంత చాటినా అక్కడివాళ్లు నమ్మలేదు. పగ్గం మొగపాలెం వాడి చేతిలో ఉందని పిల్లా మేకాతో సహా వెళ్లిపోయారు. మొగపాలేనికి పంపిన బస్సులు ఖాళీగా తిరిగొచ్చాయి. ఆ సంగతి కేంద్రానికి తెలిసేసరికి రోడ్డు మునిగింది, ఫోన్లు పోయాయి. జనం మందిరంలో చేరి కృతజ్ఞతా కీర్తనలు పాడుతున్నారు. సాయంత్రం నాలుగింటికి కప్పు కూలింది.

ముప్పై ఎనిమిది మంది.

"అంచనా తప్పింది," అంది కంప్యూటర్ మర్నాడు. "జనం కదలలేదు. కారణం తెలియదు."

జెకర్యాకు తెలుసు.

మూడోరోజు మధ్యాహ్నం అతను దిబ్బలంక బడికి వెళ్లాడు. మొగపాలెంలో మిగిలినవాళ్లు అక్కడున్నారు. తిరిగొచ్చిన దిబ్బలంక ఆడవాళ్లే వండి పెడుతున్నారు. సలోమి గోడకానుకుని కూర్చునుంది. కాళ్లకింకా బురద ఉంది. బావ మోషే మందిరంలోనే పోయాడు.

"వచ్చావా తమ్ముడా," అంది. "నువ్వు కుమిలిపోవద్దురా. చీటీ దేవుడు తీయించాడు. నువ్వేం చేస్తావు?"

చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు. తన ఊరి మీదికే తిప్పుకున్న నీతిమంతుడని ఎవరో అన్నారు.

"దేవుడు తీయించలేదక్కా," అన్నాడు జెకర్యా. "రెండింటిలోనూ మన ఊరే రాశాను. నన్నెవరూ మాట అనకూడదని రాశాను. ఫోన్లో నీకు చెప్పి ఉంటే బావ బతికేవాడు. చెప్పలేదు."

సలోమి అతని ముఖం వైపు చూడలేదు. చాలాసేపు అతని చేతుల వైపే చూసింది. తర్వాత చాప మీద కాస్త పక్కకు జరిగింది.

"కూర్చో," అంది.

అన్నం, పప్పుచారు వడ్డించారు. సంఘ పెద్ద ప్రార్థన చేయనిదే ఎవరూ ముద్ద ఎత్తరు. అందరూ తలలు వంచి ఆగారు. జెకర్యా నోరు తెరిచాడు, మాట రాలేదు. పళ్లాల్లోంచి ఆవిరి లేవడం ఆగిపోయింది.

సలోమి అన్నం కలిపింది. ఆమెను చూసి ఒక్కొక్కరే కలిపారు. చివరికి అతనూ కలిపాడు. ఎవరూ మాట్లాడకుండా తిన్నారు.