తలుపున్న గది

ఆ రోజు ఇంట్లో ఉన్నది నలుగురు. రొట్టెల బట్టీలో పనిచేసే కొడుకు, అతని తల్లి, ఏడో నెల కడుపుతో ఉన్న కోడలు, నోరు తెరిస్తే ప్రశ్న తప్ప ఇంకో మాట రాని నాలుగేళ్ళ బుజ్జి. ఇంకా లోకం చూడని ప్రాణాన్ని కూడా కలుపుకుంటే ఐదుగురు! వాళ్ళకి ఉన్నవి రెండు గదులు, ఒక వంటింటి మూల. తలుపూ గడియా ఉన్నది మాత్రం వెనక గది ఒక్కదానికే...

కబురు పొద్దున్నే వచ్చింది. బట్టీ దగ్గర కొడుకు పక్కనే నిలబడి పిండి ముద్దలు అందించే మనిషికి ఊరంతా పాకుతున్న ఆ మాయజబ్బు తగిలిందట! గుమ్మం దాటొద్దని యజమాని ఫోన్లో చెప్పి పెట్టేశాడు. సహాయ కేంద్రానికి ఫోన్ చేస్తే, "రోగితో కలిసి తిరిగినవాళ్ళు వేరే గదిలో తలుపు వేసుకుని ఉండాలి" అందొక గొంతు. తలుపు కింద నుంచి ఎవరో తోసి వెళ్ళిన కాగితంలోనేమో, "పెద్దవాళ్ళను వేరే గదిలో ఉంచి కాపాడుకోండి" అని ఉంది. రెండూ పైవాళ్ళ మాటలే... రెండింటికీ కావలసింది ఆ ఒక్క తలుపే!

"ఏమండీ, మీరే లోపల ఉండండి. మేం ముగ్గురం ఇక్కడ సర్దుకుంటాం" అంది కోడలు బతిమాలుతూ.

"నాకేమైందే? దుక్కలా ఉన్నాను. అమ్మకి ఉబ్బసం. ఆవిడకి తగిలితే..." అన్నాడతను.

"మరి బుజ్జి? నా కడుపులో బిడ్డ? వీళ్ళు గాలికి పుట్టారా?"

మళ్ళీ ఫోన్ చేశారు. ఈసారి ఇంకో గొంతు పలికింది. "జ్వరం లేకపోతే గది అక్కర్లేదండీ. ఇల్లు కదలకుండా ఉంటే చాలు."

"ఇందాక ఇంకోలా చెప్పారు కదమ్మా!"

"ఇందాకటి సంగతి నాకు తెలియదండీ."

కోడలు నెత్తి కొట్టుకుంది. అంతలో అత్తగారు దిండూ దుప్పటీ చంకన పెట్టుకుని లేచింది.

"ఎందుకర్రా ఈ గోల? కాగితంలో పెద్దవాళ్ళనే ఉంచమన్నారుగా. నేను పోతాను లోపలికి. తిండి గుమ్మం దగ్గర పెట్టి అవతలికి పోండి. ఎవరైనా తలుపు తోశారో, ఊరుకోను!"

మరుక్షణం గడియ పడిన చప్పుడు!

కోడలి గుండె భగ్గుమంది. కడుపుతో ఉన్న పిల్ల, పసిది బయట... ఆవిడ మాత్రం భద్రంగా లోపల! "ఈ వయసులో కూడా ప్రాణమంటే ఎంత తీపో!" అంది, తలుపుకి వినపడేలాగే. మాటకు పది మాటలు అప్పజెప్పే మనిషి నోరు మెదపలేదు! దాన్ని కూడా పొగరే అనుకుంది కోడలు.

కొడుకు ముందు గది మూల దుప్పటి వేలాడదీసుకుని, మూతికి గుడ్డ కట్టుకుని కూర్చున్నాడు.

"నాన్నా, నువ్వు దొంగవా?" అంది బుజ్జి.

"అవునే. ఇంట్లో ఎత్తుకుపోవడానికి ఏమీ దొరక్క కూర్చున్నాను."

నవ్వాలో ఏడవాలో తెలియని రోజులు...

అత్తగారికి ఆ వీధిలో ఉప్పు ఇన్‌స్పెక్టరని పేరు. రవ్వంత ఎక్కువైతే పళ్ళెం తోసేసేది, తక్కువైతే పొరుగింటి దాకా వినిపించేది. కాపురానికి వచ్చిన ఇన్నేళ్ళలో కోడలు వండిన దాన్ని "కుదిరింది" అన్న పాపాన పోలేదు. ఆ నోటికి భయపడి కోడలు చేతిలో ఉప్పు వేసుకుని మూడుసార్లు చూసుకునేది!

మూడో నాటి మధ్యాహ్నం జావ కాస్తోంది. ఉప్పు వేసి కలుపుతుండగా బుజ్జి పడి ఏడిస్తే పరుగెత్తింది. ఆ కాస్తలో, భార్య అలసిపోతోందని జాలిపడ్డ కొడుకు చేతులు కడుక్కొచ్చి తనూ ఓ గుప్పెడు ఉప్పు వేశాడు. ఎప్పుడూ గరిటె పట్టని మనిషి కదా! కోడలికి ఆ సంగతి తెలియదు. అలవాటుగా మొదటి గిన్నె వెనక గది గుమ్మం దగ్గర పెట్టి, తలుపు తట్టి వచ్చింది. తర్వాత బుజ్జికి ఒక చెంచా పట్టింది.

"థూ! అమ్మా, సముద్రం!"

కోడలు నాలిక్కి రాసుకుని అదిరిపడింది. అయ్యో, అత్తయ్య! ఇవాళ ఇల్లు ఎగిరిపోతుంది! "అత్తయ్యా, తినకండి, తినకండి!" అంటూ ఆయాసపడుతూ వెళ్ళింది. తలుపు సందులోంచి ఖాళీ గిన్నె బయటికి వచ్చింది. అడుగున చుక్క కూడా లేదు.

"బాగుందమ్మాయ్..." లోపల్నుంచి సన్నటి గొంతు. "ఇవాళ ఉప్పు సరిగ్గా కుదిరింది."

కొడుకు పకపకా నవ్వాడు. "నేనూ ఓ గుప్పెడు ఉప్పు వేశానే! మా అమ్మకి కూడా నీ మీద జాలి కలిగిందే!" కోడలూ నవ్వబోయింది. అంతలోనే అతని నవ్వు ఆగిపోయింది. మొహం పాలిపోయింది.

"వాడు కూడా... పిండి ముద్దలు అందించేవాడు... పడిపోయే ముందు రోజు, రొట్టెకి రుచే లేదన్నాడు. మేమంతా ఎగతాళి చేశాం..."

కోడలి చేతిలో గిన్నె జారిపోయింది. కాపాడటానికని దాచుకున్న మనిషికే జబ్బు! ఎవరూ తొంగి చూడని గదిలో, ఒంటరిగా...!

"అత్తయ్యా! తలుపు తియ్యండి! ఎప్పట్నించి ఇలా?"

దిండులో అదిమిన దగ్గు. ఆ వెనకే మాట. "ఆ కబురు వచ్చిన పొద్దుట్నించే ఒళ్ళు కాలుతోందే... వాడు పని నుంచి రాగానే చొక్కాకి అంటిన పిండి దులిపేది నేనే కదా..."

"ఒక్క మాట చెప్పకూడదా?"

"చెబితే ఊరుకుంటావా? తడిగుడ్డ పట్టుకుని నా మంచం మీదే కూర్చుంటావు. నీ సంగతి నాకు తెలియదూ?" ఊపిరి కోసం ఆగింది. "నువ్వన్నది నిజమేనమ్మాయ్. ప్రాణమంటే తీపే... నీ కడుపులో ఉన్నది."

కోడలు గుమ్మం దగ్గర కూలబడి తలుపుకి నుదురు కొట్టుకుంది. ఎంత మాట అన్నాను తల్లీ!

కొడుకు మళ్ళీ సహాయ కేంద్రానికి ఫోన్ చేశాడు.

"రోగి ఎక్కడున్నారండీ?"

"వేరే గదిలో."

"మంచిది. అలాగే ఉంచండి."

"అది కాదండీ! కాపాడటానికి పెట్టాం... ఆవిడకే జబ్బని తెలియక..."

"అయితే ఆవిడ రోగా, కాదా?"

కోడలు ఫోన్ లాక్కుంది. "మా అత్తయ్యకి ఊపిరి అందడం లేదు! ఏ గదిలో ఉంటేనేమిటమ్మా, ఊపిరి అందడం లేదు!"

"ఆ మాట ముందు చెప్పాలి కదా! బండి పంపిస్తున్నాం."

బండి గుమ్మం ముందు ఆగాక గానీ తలుపు పూర్తిగా తియ్యలేదు ఆవిడ. దుప్పటి కొస ముఖానికి అడ్డం పెట్టుకుని, గోడ పట్టుకుని నడిచి వచ్చింది. మూడు రోజుల్లో మనిషి సగమైపోయింది! కోడలు చేయి అందించబోతే, అరచెయ్యి ఎత్తింది.

"అక్కడే ఆగు!"

"అత్తయ్యా, నేనన్న మాట..."

"ఏ మాట? నాలికే కాదు, నాకు చెవులు కూడా పోయాయిలే." కళ్ళు నవ్వాయి. "వాణ్ణి గరిటె ముట్టుకోనివ్వకు. ఉప్పు నువ్వే వెయ్యి... నీ చేతికే కుదురుతుంది."

బండితో వచ్చిన, ముఖమంతా కప్పుకున్న మనిషి ఆవిణ్ణి బండిలో కూర్చోబెట్టి, "తోడు ఎవరైనా వస్తారా?" అన్నాడు.

"నేను! నేను వస్తాను!" పొట్ట పట్టుకుని పరుగెత్తింది కోడలు. చెప్పులు కూడా లేవు. ఒక కాలు బండి మెట్టు మీద పెట్టింది.

లోపల్నుంచి ఒక ముడతల చెయ్యి కోడలి భుజాన్ని మెల్లగా, గట్టిగా వెనక్కి నెట్టింది. ఆ చేత్తోనే తలుపు లాగి వేసేసింది.