సైరన్ మోగినప్పుడు

"మీ అక్కకు ఆ జబ్బు రావడం మనకు కలిసొచ్చింది," అన్నాడు భీమశంకరం, టీ కప్పు కింద పెడుతూ.

ఆకాశ్ కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. హైదరాబాద్‌లో ట్రావెల్ ఏజెన్సీ బోర్డు వెనక ఉన్న ఆ గూఢచారి సంస్థ గదిలో డైరెక్టర్‌కు ఎదురు చెప్పిన ఏజెంట్ లేడు.

"ఆపరేషన్ తీగ. మన ల్యాబ్ నుంచి మాస్టర్ సెల్ బ్యాంక్ పోయింది. ఒక స్టీలు ఫ్లాస్కు, అందులో లిక్విడ్ నైట్రోజన్, దాన్లో గడ్డకట్టించిన కణాలు. చచ్చిపోయిన నరాల చోట కొత్తవి మొలుస్తాయని మన సైంటిస్టుల ఆశ. అవి పోతే మళ్లీ మొదటికి. ఎత్తుకెళ్లింది ఒక ఫారిన్ రింగ్. దాచింది గోదావరిఖనిలో, నవధార క్లినిక్‌లో."

"గోదావరిఖనిలోనా?"

"ఎవరూ వెతకరుగా. నరాల జబ్బులకు సెల్ థెరపీ అని బోర్డు. ఎక్కించేది మాత్రం ఉప్పునీళ్లు. మీ అక్క అక్కడి పేషెంటే. అటెండెంట్‌గా వెళ్లు. మారుపేరు కూడా అక్కర్లేదు."

"ఆ కణాలు మనుషులకు ఎప్పుడొస్తాయి సార్?"

"ఇంకా కోతుల దగ్గరే ఉన్నారు. ఏళ్లు పడుతుంది."

అక్కకు అన్ని ఏళ్లు లేవు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

*

అక్క సుసన్నా బడిలో లెక్కల టీచరు. బోర్డు మీద ముత్యాల్లా రాసే చేతులు ముందు పోయాయి. ఇప్పుడు నాలుక మొద్దుబారుతోంది. కాళ్లలో మాత్రం కొంత బలం మిగిలింది. ఆకాశ్ ముద్దలు కలిపి పెడుతుంటే నెమ్మదిగా మింగేది.

"సూది ఇచ్చినంక బొటనవేలు కదిలిందిరా. చూడు."

వేలు కదల్లేదు.

"కదిలిందక్కా."

అబద్ధం అతని వృత్తి. కానీ ఆమెకు ఒక్క నిజం చెప్పి ఉన్నాడు: తను ఏ ఉద్యోగం చేస్తున్నాడో. ట్రైనింగ్‌లో నేర్పిన మొదటి నియమాన్ని అతను అక్క కోసమే తప్పాడు. అమ్మ పోయాక తనను పెంచిన మనిషి దగ్గర దాపరికం ఎందుకనిపించింది.

మధ్యాహ్నం సైరన్ మోగింది. ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో బ్లాస్టింగ్. ఆ సైరన్ వినగానే గని కార్మికుల కాలనీలో ప్రతి చెయ్యీ పగిలేదాని మీదికి పోతుంది. గాజు గ్లాసులు, గోడ మీది అద్దం, ఏసుప్రభువు పటం. చిన్నప్పుడు అక్క చేతులు మాత్రం అతని చెవుల మీదికి వచ్చేవి. ఆ ఇంట్లో ఆమెకు పగిలే వస్తువు తమ్ముడే.

భూమి కంపించింది. ఆమె చేతులు ఒళ్లోనే ఉన్నాయి.

*

క్లినిక్ డాక్టరు సుహాసిని ఆఫీసర్ల బంగళాల్లో పెరిగిన ఇంజినీరు కూతురు. నల్లద్దాలు, నూలు చీర, ఖరీదైన సెంటు. ఏజెన్సీ లోపల పెట్టుకున్న మనిషి ఆమే.

"సెకండ్ షిఫ్టుకు ల్యాంప్ దొరికిందా?" అంది కారిడార్‌లో.

"బ్యాటరీ వీకు."

కోడ్ కుదిరింది. ఆమె గొంతు తగ్గించింది. "ఫ్లాస్కు అడుగున చిప్ అంటించాను. నీ వాచీలో కనిపిస్తుంది. గురువారం తెల్ల కారులో నాగ్‌పూర్ ఎయిర్‌పోర్టుకు. నేనే తీసుకెళ్తున్నాను. బ్లాస్టింగ్ గేటు దగ్గర బండ్లు ఆపుతారు కదా, అక్కడ పట్టుకో."

గురువారం పొద్దున అక్క అంది: "స్కానింగ్‌కు మంచిర్యాల తీస్కపోతున్నరు. అంబులెన్సుల నర్సు ఉంటది. నువ్వు రాకు."

చెబుతున్నప్పుడు ఆమె అతని ముఖంలోకి చూడలేదు. చూపు తిప్పుకోవడం కూడా జబ్బులో భాగమేమో అనుకున్నాడు. మనకు అవసరం లేని నిజానికి మనసు ఇలాగే ఏదో ఒక పేరు పెడుతుంది.

*

గేటు దగ్గర ఆకాశ్ గార్డు వేషంలో, పసుపు హెల్మెట్‌తో నిలబడ్డాడు. పక్కన అసలు గార్డు మొగిలి ఎర్రజెండా పట్టుకుని అందరితో తగువు పడుతున్నాడు. షేర్ ఆటోలు, లారీ, తెల్ల కారు, దాని వెనక అంబులెన్సు.

"అర్జెంటన్నా, పేషెంటున్నది," అన్నాడు అంబులెన్సు డ్రైవరు.

"రాయొచ్చి పడితే నువ్వు గూడ పేషెంటే అయితవు. ఆగు."

వాచీలో పచ్చ చుక్క తెల్ల కారు మీద వెలుగుతోంది. ఆకాశ్ డిక్కీ తెరిపించాడు. స్టీలు ఫ్లాస్కు. మూత తీశాడు. తెల్లటి పొగ లేచింది. పొగ కింద ఏమీ లేదు.

సుహాసిని నల్లద్దాలు తీసింది. "చిప్ ఎక్కడ అంటించాలో నా ఇష్టం కదా. అసలుది పొద్దున్నే వెళ్లిపోయింది."

"వాళ్ల మనిషివా?"

"రెండు వైపుల మనిషిని. కానీ నిన్ను పట్టించింది నేను కాదు. నువ్వు ఎందుకొచ్చావో మీ అక్కే వాళ్లకు చెప్పింది."

అతనికి మొదట కోపం రాలేదు. నవ్వు రాబోయింది. అబద్ధం కూడా కాస్త నమ్మేలా ఉండాలి కదా.

సైరన్ మోగింది.

ఆటోలో కోడిగుడ్లు తెస్తున్న ఆమె ట్రేలను గుండెకు హత్తుకుంది. ఆటో డ్రైవరు పక్కద్దం పట్టుకున్నాడు. లారీ క్లీనరు సెల్‌ఫోన్ జేబులోకి తోశాడు. ఆకాశ్ కళ్లు అలవాటుగా అంబులెన్సు వైపు పోయాయి.

వెనక తలుపు అద్దంలోంచి అక్క కనిపించింది. వీల్‌చైర్‌లో కూర్చుని, పాదాల మధ్య ఉన్న నీళ్ల క్యానును రెండు మోకాళ్లతో గట్టిగా బిగించి పట్టుకుంది.

ప్లాస్టిక్ క్యాను పగలదు. గనుల దగ్గర పుట్టినవాళ్లెవరూ సైరన్‌కు ప్లాస్టిక్‌ను పట్టుకోరు.

అతని చూపు ఎక్కడ ఆగిందో సుహాసినీ గమనించింది. "వదిలెయ్ ఆకాశ్. ఆ కణాల సీసా ఒకటి ఆమెకు నేనే ఎక్కిస్తాను. అసలుది. పని చేయొచ్చు."

చేయొచ్చు. ఆ ఒక్క మాట దగ్గర అతను నిజంగానే ఆగాడు. ఆల్ క్లియర్ సైరన్ మోగితే గేటు లేస్తుంది, బండి కదులుతుంది, అక్క ఒక ఆశతో పోతుంది. అంతలో ఆ మోకాళ్లు మళ్లీ కనిపించాయి. దేశం గుర్తొచ్చి అంబులెన్సు వైపు పరిగెత్తాడో, ఆమె పట్టుకున్నది తనను కాదని పరిగెత్తాడో ఆ తర్వాత కూడా అతనికి తేలలేదు.

అంబులెన్సు డ్రైవరు ఇంజను స్టార్ట్ చేసి పిస్టల్ తీశాడు. అదే క్షణంలో గని పేలింది. నేల ఊగింది. గుండు అంబులెన్సు టాపులోకి దూరింది. మొగిలి జెండా కర్ర డ్రైవరు మణికట్టు మీద పడింది.

"ఆల్ క్లియర్ గాకముందే బండి స్టార్ట్ జేస్తవారా?" అన్నాడు మొగిలి. పిస్టల్ సంగతి అతను తర్వాత చూశాడు.

ఏజెన్సీ జీపులు చుట్టుముట్టాయి. సుహాసిని చేతులు తనే ముందుకు చాపింది. నర్సు దిగి పారిపోబోయి దొరికిపోయింది.

ఆకాశ్ అంబులెన్సులో మోకాళ్ల మీద కూర్చున్నాడు. అక్క కాళ్లు వదల్లేదు.

"నాదిరా అది," అంది మొద్దు నాలుకతో. "నాగ్‌పూర్ల నాకే ఎక్కిస్తమన్నరు."

"వాళ్లు నిన్ను ఏదన్న లాడ్జిల వదిలి పోతుండిరక్కా."

"తెల్వది."

"నా సంగతి నువ్వే చెప్పినవా?"

"నేనే చెప్పిన." ఈసారి చూపు తిప్పుకోలేదు. "ఒక్కపూట నా చేత్తోని నేను ముద్ద కలుపుకొని తిందామనుకున్న. గంతే."

ఆకాశ్ ఒకప్పుడు తన చెవులు మూసిన చేతులను పక్కకు పెట్టి, ఆ మోకాళ్లను ఒక్కొక్కటిగా విడదీశాడు. వాటికింత బలం ఉందని ఏ డాక్టరూ చెప్పలేదు. క్యాను పైభాగం ఊడి వచ్చింది; లోపల అసలు ఫ్లాస్కు ఉంది.

ఆల్ క్లియర్ మోగింది. చుట్టూ అందరూ పట్టుకున్నవి వదిలేశారు.

ఫోన్‌లో భీమశంకరం: "శభాష్. చిప్ లేకుండా ఎలా కనిపెట్టావు? అంబులెన్సులో ఒక ఆడమనిషి దొరికిందట, ఎవరు, నిందితురాలా?"

"కాదు సార్. మన ఇన్‌ఫార్మర్. ఆవిడే చూపించింది."

"నమ్మదగ్గ మనిషేనా?"

ఆకాశ్ అంబులెన్సు వైపు చూశాడు. అక్క పాదాల మధ్య ఖాళీలోకి చూస్తూ ఉంది.

"మనిషి సంగతి చెప్పలేను సార్," అన్నాడు. "మోకాళ్లు మాత్రం నమ్మదగ్గవి."