కాళ్ల మాస్టారి సిఫారసు

ఆస్పత్రి వెనక చిన్న వర్క్‌షాపులో కృత్రిమ కాళ్లు తయారుచేసే ఆయన్ని అందరూ కాళ్ల మాస్టారనే పిలుస్తారు. పొద్దున్నే ఇంట్లో పేపరు తిరగేస్తూ లోకాన్నంతా దులిపిపారేయడం ఆయన అలవాటు. ఆ రోజు మాత్రం పేపరు చాటున మొహం దాచుకున్నాడు. ఎదురుగా కూతురు నిలబడి ఉంది.

“ఉత్తరం రాశావా నాన్నా?”

“రాస్తాలేవే. తొందరేముంది?”

“మూడు వారాలుగా ఇదే పాట! ఈ సాయంత్రంతో గడువైపోతుంది.”

అమ్మాయి ఫిజియోథెరపిస్టు. పన్నెండేళ్ల కిందట తండ్రి ఆరు నెలలు స్వచ్ఛంద సేవ చేసొచ్చిన పరాయి దేశానికే, అదే సంస్థ తరఫున తనూ వెళ్లాలని ఉబలాటపడుతోంది. అక్కడ పనిచేసినవాళ్లు సిఫారసు ఉత్తరమిస్తే చాలు, ఎంపిక ఖాయం. ఇంట్లోనే మనిషిని పెట్టుకుని ఇంకెవరి గుమ్మం తొక్కుతుంది?

“నాలుగు ముక్కలు రాసి పడెయ్యకూడదూ?” వంటింట్లోంచి భార్య కేకేసింది. “పిల్లనలా ఏడిపిస్తారేం?”

“అది వెళ్లడం నాకిష్టం లేదు.”

అమ్మాయి మొహం జేవురించింది. “నువ్వు వెళ్లొచ్చి గొప్పవాడివైపోవచ్చు. ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ ఆ ఫొటో చూపించొచ్చు. నేనూ వెళ్తే నీ గొప్ప తగ్గిపోతుందనా?”

గోడమీది ఫొటోలో ఒక నడివయసు స్త్రీ కొత్త కాలితో నిటారుగా నిలబడి ఉంది. పక్కన మాస్టారు, ఆ కాలు తన కడుపునే పుట్టినంత గర్వంగా. ఆ ఫొటో చూపించి ఎంతమంది చేత ‘ఆహా’ అనిపించుకున్నాడో! కూతురి మాటతో ఆయనకు తల కొట్టేసినట్టయింది.

“ఆవిడ ఆ కాలు వేసుకునేది కాదమ్మా,” అన్నాడు మెల్లగా.

“అదేంటి?”

“ఆవిడది రోజంతా బజార్లో నేల మీద కూర్చుని కూరగాయలమ్ముకునే బతుకు. నేనిచ్చిన కాలు నడవడానికి బ్రహ్మాండం, కింద కూర్చోడానికి మడతపడదు. రోజంతా ఏం చేస్తావమ్మా అని ఒక్క మాట అడగలేదు. కొలతలు తీసుకున్నాను, అంతే. తిరిగొచ్చే ముందు బజారుకెళ్తే, కర్ర పక్కన పెట్టుకుని కూర్చుని ఉంది. కాలేమో గోనెపట్టాలో చుట్టి వెనక పెట్టింది. నన్ను చూడగానే కంగారుగా తీసి తగిలించుకోబోయింది. నేను బాధపడతానని!”



“నువ్వేం చేశావు?”

“చూడనట్టు పక్క సందులోకి తప్పుకున్నాను. మిగతావాళ్లకి ఎలా ఉన్నాయోనని కూడా అడగలేదు. సిగ్గేసింది. ఇంటికొచ్చి ఫొటోకి ఫ్రేము కట్టించాను. అంత సిగ్గులేనివాణ్ణి! నువ్వూ వెళ్లి నాలాగే చేసొస్తావేమోనని భయం.”

అమ్మాయి కోపం ఎటు పోయిందో, వచ్చి తండ్రి పక్కన కూర్చుంది. “అందుకేనా, కొలత తీసే ముందు అందరితో అరగంట కబుర్లు పెడతావు?”

“అందుకే.”

“అయితే ఇదే రాయి నాన్నా. గొప్పలొద్దు. ముందు అడగాలని తెలుసుకుని వెళ్తాను.”

“చదివినవాళ్లు నవ్విపోతారే.”

“నవ్వనీ.”

మాస్టారు కాగితం అందుకున్నాడు. దాచిందంతా రాసేశాడు. చివర ‘అడిగి తెలుసుకుని పనిచేసే పిల్ల’ అని రాయబోతుంటే కలం ఆగిపోయింది. గుమ్మంలో భార్య నిలబడి ఉంది.

“నేను వెళ్లేటప్పుడు నిన్నూ అడగలేదు కదూ?”

“టిక్కెట్టు చూపించి, వెళ్తున్నానన్నారు.”

“నీకేమైనా ఇబ్బందయిందా?”

ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంది. “ఆ నెల్లోనే మా ఆఫీసులో నన్ను పై ఉద్యోగానికి ఎంపిక చేశారు. మూడు నెలలు వేరే ఊళ్లో శిక్షణ. పిల్లనెవరు చూస్తారు? వద్దని రాసిచ్చేశాను.”

“నాతో ఒక్క మాటైనా అనలేదేం!”

“మీరంత సంబరంగా పెట్టె సర్దుకుంటుంటే ఎలా అంటానండీ?”

ఆయనకు తల ఎత్తబుద్ధి కాలేదు. అలాగే లేచి వెళ్లి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. “ఇప్పుడు చెప్పు. అంతా చెప్పు. నేనేమైనా అనుకుంటానని దాచకు.”

ఆమె నవ్వబోయింది. నవ్వు రాలేదు. పన్నెండేళ్లుగా ఆపుకున్న ఏడుపు ఒక్కసారిగా వచ్చేసింది.