అబద్ధమాడిన కార్డు

హంతకుడి బరువు అరవై ఒక్క గ్రాములు.

ల్యాబ్ బాబాయ్ దాన్ని త్రాసు మీద పెట్టి అంకె చూపించాడు. నల్లటి చార్జర్. చేత్తో పట్టుకుని ఆడుకునే గేమ్ మెషీన్‌కి తగిలించేది. ఒక మూల కరిగిపోయి, లోపలి తీగలు బయటికొచ్చాయి. హత్యాప్రయత్నం జరిగింది నిన్న సాయంత్రం. ప్రాణం పోలేదు కానీ, రెండు వేళ్ళు కాలాయి. ఆ వేళ్ళ యజమానురాలికి తొమ్మిదేళ్ళు. కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని స్టూలు మీద కూర్చుంది.

"అసలుది నూట అరవై గ్రాములుండాలి," అన్నాడు బాబాయ్. "తక్కిన తొంభై తొమ్మిదీ ఏవి? కరెంటు ఎక్కువైతే ఆపే సర్క్యూట్ లేదు. వేడెక్కితే ఆగిపోయే భాగం లేదు. డబ్బాలో గాలి నింపి అమ్మాడు వెధవ."

బాబాయ్ ఎవరికీ సొంత బాబాయ్ కాదు. నకిలీ సరుకుల నిఘా విభాగంలో ముప్పైఏళ్ళుగా ల్యాబ్ చూస్తున్నాడు కాబట్టి అందరికీ బాబాయే.

పిల్ల తండ్రి బస్సు డ్రైవరు. డ్యూటీ దుస్తుల్లోనే వచ్చాడు. ఫోను ముందుకు చాపాడు. "నేను చూసే కొన్నాను మేడమ్. ఫొటోలో కంపెనీ డబ్బానే ఉంది. రెండు వేల రివ్యూలు, అన్నీ ఐదు నక్షత్రాలే. ఇంకేం చూడాలి?"

ఫోను అందుకున్నది ఏజెంట్ జల్లెడ. నలభై దాటిన మనిషి. విభాగంలోకి రాకముందు పదేళ్ళు రిపేరు బల్ల ముందు కూర్చుని గేమ్ మెషీన్లు విప్పి బిగించింది. ఆమె చూపులోంచి పొల్లు సరుకు దాటదని ఆ పేరొచ్చింది.

"రెండు వేల రివ్యూలూ ఒకే వారంలో వచ్చాయన్నా. సగం వాటిలో ఒకటే వాక్యం, అక్షరం కూడా మారలేదు. అమ్మింది కంపెనీ కాదు. కింద చిన్నక్షరాల్లో ఇంకో పేరుంది, నిన్నగాక మొన్న తెరిచిన దుకాణం."

డ్రైవరు ముఖం వాడిపోయింది. "అంటే తప్పు నాదేనా?"

"కాదు!" జల్లెడ గొంతు ల్యాబంతా వినిపించింది. "అబద్ధం చెప్పినవాడిది తప్పు. నమ్మినవాడిది ఎప్పటికీ కాదు. ఫిర్యాదు రాయండి."

డ్రైవరు నీళ్ళు నమిలాడు. "రాస్తే వాళ్ళకి నా పేరు తెలుస్తుందా? తెల్లారకముందే డ్యూటీకి పోతాను. ఇంట్లో అమ్మా, ఇదీ ఇద్దరే ఉంటారు."

"మీ పేరు ఈ విభాగం దాటదు. నా మాట."

అతను సంతకం చేశాడు. నూట పన్నెండో ఫిర్యాదు. పిల్ల మాత్రం ఇంకో సంగతి అడిగింది.

"ఆంటీ, నా గేమ్ తొమ్మిదో లెవెల్‌దాకా వచ్చింది. అది పోయిందా?"

"బాబాయ్ చూస్తాడు," అంది జల్లెడ.

* * *

విభాగాధిపతిని అందరూ పెద్దాయన అంటారు. ఆయన బ్రీఫింగులు టెలిగ్రాముల్లా ఉంటాయి.

"ముఠా విదేశీ. నాయకుడి మారుపేరు హోల్‌సేలర్. చార్జర్లు, మెమరీ కార్డులు, జాయ్‌స్టిక్కులు, అన్నీ నకిలీ. ఎల్లుండి కోర్టులో విచారణ. పక్క దేశంలోనూ ఇలాంటి కేసే నడిచింది. ఫిర్యాదుదారుల జాబితా ముఠా చేతికి చిక్కింది. వారంలో ఒక్క సాక్షి మిగల్లేదు. కొందరు ఇల్లు మారారు. కొందరు నోరు మూసుకున్నారు. ఇప్పుడు మన జాబితా కోసం హోల్‌సేలర్ స్వయంగా దిగాడు. లోపల అతని మనిషి ఒకరున్నారు. ఎవరు?"

జల్లెడ బల్ల మీద రెండు మెమరీ కార్డులు పెట్టింది. గోరంత ముక్కలు. వాటి ప్యాకెట్లు పక్కనే ఉన్నాయి.

"ఇవి మిస్ అన్‌బాక్స్ మనకిచ్చిన శాంపిళ్ళు సార్. ఒకటి నకిలీ, రెండోది కంపెనీ అసలు పేజీలో కొన్నది అని చెప్పింది."

మిస్ అన్‌బాక్స్ అంటే ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. కొత్త గేమ్ సామాను డబ్బా విప్పి వీడియో పెడితే లక్షలమంది చూస్తారు. ఆరునెలలుగా విభాగానికి సలహాదారు. ఆమె గదిలోకి వస్తే పెద్దాయన కూడా కళ్ళద్దాలు తుడుచుకుంటాడు.

"అయితే?"

"వెనక సీరియల్ నంబర్ చూడండి. రెండింటికీ చివర 4471. ఒక్కో కార్డుకి ఒక్కో నంబరుండాలి. వీళ్ళు ఒక్క అసలు కార్డు కొని, దాని నంబరునే లక్ష ప్యాకెట్ల మీద అచ్చేశారు. విడిగా ఒక్కటి చూసినవాడికి అనుమానం రాదు. రెండు పక్కపక్కన పెట్టిన వాళ్ళకే దొరుకుతుంది."

బాబాయ్ అందుకున్నాడు. "రెంటినీ పరీక్షించాను. 512 జీబీ అంటాయి. లోపలున్నది 32. అది నిండాక ఏమిచ్చినా 'రాసుకున్నాను' అంటాయి. రాసుకోవు. ఫైల్ పేరు కనిపిస్తుంది, సైజు కనిపిస్తుంది, లోపల మాత్రం శూన్యం."

"అంటే నకిలీనే అసలని మన చేతిలో పెట్టింది," అన్నాడు పెద్దాయన మెల్లిగా. "ఎల్లుండి కోర్టులో అదే నమూనా చూపిస్తే కేసు గంగలో కలిసేది. అరెస్ట్ చెయ్యండి."

"ఇప్పుడు పట్టుకుంటే ఆమె ఒక్కతే దొరుకుతుంది. హోల్‌సేలర్ సాయంత్రానికి విమానమెక్కుతాడు. జాబితా తీసుకెళ్ళనిద్దాం."

"దొంగ జాబితా తయారుచేద్దామా?"

"ఆమెకి పాతిక పేర్లు ముందే తెలుసు. తెరిచి సరిచూసుకుంటుంది. అసలుదే పెట్టాలి."

పెద్దాయన గుడ్లు తేలేశాడు. "మతి పోయిందా? నూట పన్నెండు కుటుంబాలు!"

"నాకూ తెలుసు సార్. వాటిలో ఒకదానికి పొద్దునే మాటిచ్చాను."

ప్లాన్ చెప్పింది. రేపు పదకొండింటికి ఇన్‌స్పెక్టర్లకు బాబాయ్ క్లాసు ఉంది. మిస్ అన్‌బాక్స్ ముఖ్య అతిథి. ఫోన్లూ పెన్‌డ్రైవులూ గేటు దగ్గరే ఆగిపోతాయి. సీలు వేసిన మెమరీ కార్డు ఒక్కటే, క్లాసులో చూపించే నమూనా కింద లోపలికి రాగలదు. జాబితా క్లాసు లాప్‌టాప్‌లో ఉందని ఆమె చెవిన పడేస్తారు. దాన్ని విడిగా ఉంచరు. బాబాయ్ పాత క్లాసుల వీడియోలతో కలిపి ఒకే పెద్ద ఫైల్‌గా మూటకడతారు. ముందు వీడియోలు, చిట్టచివర జాబితా. మొత్తం 40 జీబీ.

"ఆమె తెచ్చేది ముఠా కార్డే అయితే మూట తోక తెగిపోతుంది. జాబితా ఉండేది తోకలోనే. ఆమెను వదిలి వెంటపడదాం."

"అసలు కార్డు తెస్తే?"

"గేటు దాటనివ్వం."

"ఎలా తెలుస్తుంది నీకు?"

"అది నా పని," అంది జల్లెడ.

కోడ్ రెండు ముక్కలు. 'ఏసీ పాడైంది' అంటే పట్టుకోండి. 'నేల ఆరింది' అంటే పోనివ్వండి.

* * *

మరునాడు మిస్ అన్‌బాక్స్ నడిచివస్తుంటే హాల్లో ముప్పైమంది ఇన్‌స్పెక్టర్లూ కాలర్లు సర్దుకున్నారు. ఎర్రకోటు, ఎత్తు మడమల బూట్లు. బక్కెట్టూ తుడుపుకర్రా పట్టుకుని మూల నిలబడ్డ పనిమనిషి వంక ఎవరూ చూడలేదు. జల్లెడ వేసిన వేషాలన్నిట్లో దీనికి మించినది లేదు. చెవిలో మాత్రం గింజంత స్పీకరు, కాలరు కింద మైకు ఉన్నాయి.

బాబాయ్ బోర్డు ముందు నిలబడి చెలరేగిపోతున్నాడు. "ధర సగానికి సగం తగ్గితే ఎందుకు తగ్గిందో అడగండి! డబ్బా మీద కంపెనీ పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా తిప్పి పంపండి! అతుకు దగ్గర గోరు దూరితే అది అసలుది కాదు!"

బాబాయ్ బోర్డు వైపు తిరిగిన క్షణంలో మిస్ అన్‌బాక్స్ పక్కనున్న లాప్‌టాప్‌ను తనవైపు తిప్పుకుంది. మూట తెరిచింది. జాబితా పైనుంచి కిందిదాకా చూసింది. నూట పన్నెండు దగ్గర ఆగి, సన్నగా నవ్వింది. సంచిలోంచి ప్యాకెట్ తీసి చించి, కార్డు దూర్చింది. కాపీ మొదలైంది.

చిరిగిన ప్యాకెట్ చెత్తబుట్టలో పడింది. జల్లెడ బుట్ట తీసుకుని తలుపు దగ్గరికి నడిచింది. ప్యాకెట్ వెనక స్టిక్కరు సగమే ఉంది. చివర 71. తక్కిన అంకెలు లేవు.

తలుపు అవతల తెర మీద కాపీని గమనిస్తున్న పెద్దాయన గొంతు చెవిలో వినిపించింది. "డెబ్భై శాతం. ఏమంటావ్?"

చివర 71 ఉన్న అసలు కార్డులు వేలల్లో ఉంటాయి. జల్లెడ తుడుపుకర్ర పట్టుకుని వరసల మధ్యకి వెళ్ళింది. తెల్లకాగితం ముక్క కనిపించింది. ఎర్రకోటు మనిషి బూటు కింద.

"కొంచెం కాలు తియ్యండమ్మా. తడి చెయ్యాలి."

"ఇప్పుడా? తర్వాత తుడుచుకో."

"తొంభై," అన్నాడు పెద్దాయన. "మనుషులు సిద్ధంగా ఉన్నారు. చెప్పు!"

"సూపర్వైజరు తిడతాడమ్మా. ఒక్క నిమిషం."

"నా బూట్లకి నీళ్ళు తగిలాయో, ఊరుకోను!" మిస్ అన్‌బాక్స్ విసుక్కుంటూ కాలెత్తింది.

బూటు మీద కంపెనీ గుర్తు తలకిందులుగా ఉంది. అది కూడా నకిలీయే, పాపం. జల్లెడ కాగితం ముక్కను గుడ్డతో లాగి గుప్పిట్లోకి తీసుకుంది. తెరిచి చూసింది.

44.

"తొంభైతొమ్మిది! జల్లెడా!"

"నేల ఆరింది," అంది జల్లెడ, బక్కెట్టు ఎత్తుకుంటూ.

తలుపు అవతల పెద్దాయన నిట్టూర్పు స్పీకరు లేకుండానే వినిపించింది.

* * *

హోటల్ లాబీలో కిటికీ పక్క బల్ల. బూడిదరంగు సూటు వేసుకున్న మనిషి, కాళ్ళ దగ్గర సూట్‌కేసు, ఎదురుగా మిస్ అన్‌బాక్స్. విమానానికి రెండు గంటలుంది. హోల్‌సేలర్ మన భాష చక్కగా మాట్లాడతాడు. ఇన్నేళ్ళుగా మనకే అంటగడుతున్నాడు కదా, నేర్చుకోక చస్తాడా.

"శభాష్," అంటూ కార్డును తన లాప్‌టాప్‌లో పెట్టాడు. "రేపటికి ఒక్క సాక్షి ఉండడు. మళ్ళీ చవగ్గా పెడతాం. మళ్ళీ వీళ్ళే కొంటారు."

ఫైల్ పేరు కనిపించింది. సైజు కనిపించింది. తెరవమంటే మాత్రం లాప్‌టాప్ మొరాయించింది. రిపేరు ప్రోగ్రాం నడిపితే, గునిసి గునిసి తనకు దొరికింది బయటపెట్టింది. తెర మీద బాబాయ్ ప్రత్యక్షమయ్యాడు. వేలు ఊపుతూ అరిచాడు.

"మెమరీ కార్డు కొనగానే ఏం చెయ్యాలి? నింపి పరీక్షించాలి! పరీక్షించకుండా ముఖ్యమైనదేదీ దాచకూడదు!"

హోల్‌సేలర్ గొంతులో పచ్చి వెలక్కాయ పడింది. "ఈ కార్డు ఎక్కడిది?"

"మీరు పంపిందే," అంది మిస్ అన్‌బాక్స్. "మీవాళ్ళకి మాత్రం అసలువే ఇస్తామన్నారుగా."

అతను సూట్‌కేసు అందుకున్నాడు. ఆమె అతన్ని చూసింది, తెర మీద బాబాయ్‌ని చూసింది. ఇన్నాళ్ళూ లక్షలమంది చెవిలో పువ్వు పెట్టిన మనిషికి తన చెవి తడుముకోవలసి వచ్చింది.

"నా దగ్గర కూడానా?" అంది.

"అందరి దగ్గరా," అంటూ పక్క బల్ల దగ్గర తుడుస్తున్న పనిమనిషి నిటారుగా నిలబడింది. "కాలు తియ్యండమ్మా. ఈసారి జీపులో పెట్టండి." లాబీ రెండు తలుపుల నుంచీ పోలీసులు లోపలికి నడిచారు.

* * *

విచారణ రోజు కోర్టు హాలు కిక్కిరిసింది. ముఠా వకీలు గొంతు సవరించుకున్నాడు.

"పేర్లు దాచుకున్న సాక్షులట! ముఖం చూపించే ధైర్యం లేనివాళ్ళ మాట మీద నా క్లయింటును శిక్షిస్తారా? ఒక్కరైనా ఉన్నారా అసలు?"

జల్లెడ లేవబోయింది. వాళ్ళ పేర్లు బయటపెట్టకుండానే కేసు నడపడానికి కాగితాలు సిద్ధంగా ఉన్నాయి. కానీ వెనక వరసలో కుర్చీ కిర్రుమంది. డ్రైవరు లేచి నిలబడ్డాడు. డ్యూటీ దుస్తులే. పక్కన కట్టు కట్టిన చెయ్యి.

"అన్నా, అక్కర్లేదు," అంది జల్లెడ. "నేను మాటిచ్చాను."

"మీరు నిలబెట్టుకున్నారు మేడమ్. ఇది నా మాట." అతను వకీలు వైపు తిరిగాడు. "నూట పన్నెండు నేను. నా పేరు పెద్దక్షరాలతో రాసుకోండి. అడ్రసు కూడా చెప్తాను, రాసుకోండి. నా పిల్ల వేళ్ళు కాల్చినవాడు దాక్కోవాలిగానీ, నేనెందుకు దాక్కోవాలి?"

కిటికీ దగ్గర ఒక టీచరమ్మ లేచింది. "ముప్పైనాలుగు."

"డెబ్భై," అన్నాడు ఒక దర్జీ.

అంకెలు వరసగా లేస్తూ ఉంటే వకీలు కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టాడు. జల్లెడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమె దాచుకోలేదు.

సాయంత్రం ల్యాబ్‌లో బాబాయ్ నూట అరవై గ్రాముల చార్జర్ తగిలించాడు. గేమ్ మెషీన్ తెర వెలిగింది. పిల్ల ఎడంచేత్తో మీట నొక్కింది.

"తొమ్మిదో లెవెల్!" అని అరిచింది. "పోలేదు!"

ముఠా దుకాణం పేజీని మూసేయడానికి ఇంకా పది నిమిషాలుంది. జల్లెడ ఫోను తీసి, మెమరీ కార్డు కింద రివ్యూ రాసింది. ఐదు నక్షత్రాలు. '512 అన్నారు, 32 ఉంది. సరిగ్గా మాకు కావలసినంత.'

ఆ పేజీలో అదొక్కటే అసలు రివ్యూ.